లేచి నిలబడ్డవాళ్ల జాబితా

మా ఎమ్మెల్యే దగ్గర నేను నాలుగేళ్లు పనిచేశాను. అంతకుముందు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేవాణ్ణి, కాంట్రాక్టు మీద. ఒక ఏడాది రెన్యువల్ కాలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చున్న నన్ను చూడలేక మా బావ ఎమ్మెల్యే గారితో మాట్లాడి వచ్చాడు. "చదువుకున్నోడు, రాత బాగుంటది, అబద్ధం చెప్పడు" అని చెప్పాడట. అప్పటికి ఆ మూడూ నిజమే.

నా పని కాగితాల పని. ఎవరి పింఛను ఆగిందో, ఏ ఊరి రోడ్డు కొట్టుకుపోయిందో విని అర్జీలు రాయడం, అసెంబ్లీలో అడగాల్సిన ప్రశ్నలు సిద్ధం చేయడం. వాటితోపాటు నేను రెండు దస్త్రాలు ప్రత్యేకంగా చూసుకునేవాణ్ణి.

ఒకటి పొడుగాటి రిజిస్టరు. పోలింగ్ బూత్‌కు ఒక పేజీ. ఏ ఊళ్లో ఎవరెవరు ఉంటారు, ఎన్ని గడపలు, ఎవరి మాట ఎవరు వింటారు, అన్నీ అందులో ఉండేవి. రోడ్డు పొడుగునా మాలాంటి వాళ్లం. మా తాతలు కోస్తా నుంచి వచ్చి మిరప వేశారు, మేం పామాయిల్‌కు మారాం. మాకు అటువైపు దుకాణాలవాళ్లు, కాగితం మిల్లుకు కర్ర తోలే లారీలవాళ్లు, క్వార్టర్లలో ఉండే మిల్లు ఉద్యోగులు. రోడ్డు దిగి జామాయిల్ తోటలు దాటితే కోయ గూడేలు. ఒక్కో పేజీ చివర రిమార్కులు అని ఒక గడి ఉండేది. అడవి అంచున ఉన్న ఒక ఊరి గడిలో నేను ఇలా రాశాను: "అందరూ ఒకే మాట మీద ఉంటారు. ఓట్లు తక్కువ. మళ్లీ మళ్లీ వెళ్లనవసరం లేదు." ఆ ఊరికి నేను అప్పటికి ఒక్కసారే వెళ్లాను. వాళ్లు ఇప్పపువ్వు ఆరబోసిన చాపను పక్కకు లాగి నాకు కూర్చోవడానికి చోటిచ్చారు.

రెండోది అసెంబ్లీ దస్త్రం. సార్ ఏ రోజు సభకు వెళ్లారు, ఏం మాట్లాడారు, ఏ బిల్లుకు ఎటు ఓటేశారు. ఓటు గురించి రాయడానికి పెద్దగా ఉండేది కాదు. మా దగ్గర బిల్లులు ఎక్కువగా మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. ఔనన్నవాళ్ల గొంతు పెద్దగా వినిపిస్తే బిల్లు అయిపోయినట్టే, ఎవరు ఏమన్నారో పేర్లు రాయరు. కానీ ఒక బిల్లు విషయంలో ప్రతిపక్షం పట్టుబట్టింది. సభ్యుల్ని వరసల వారీగా లేచి నిలబడమని లెక్కపెట్టారు. అనుకూలంగా నిలబడ్డవాళ్ల పేర్లు, వ్యతిరేకంగా నిలబడ్డవాళ్ల పేర్లు సభ రికార్డులోకి ఎక్కాయి. రోడ్డు పక్క ఊళ్లను, వాటి వెనకున్న గూడేలను కలిపి పట్టణం చేసే బిల్లు అది. పట్టణమైతే పంచాయతీ ఉండదు. గ్రామసభ ఉండదు. గూడెం వాళ్లకు తమ భూమి గురించి, చెరువు గురించి కూర్చుని తీర్మానం చేసుకునే చోటు పోతుంది.

మా సార్ అనుకూలంగా నిలబడ్డారు. పార్టీ విప్ ఉంది, నిలబడ్డారు. ఆ రికార్డు జిరాక్స్ తెప్పించి, ఆయన పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి నేనే దస్త్రంలో పెట్టాను.

ఎండాకాలం వచ్చేసరికి ఆ ఊళ్ల పంచాయతీ ఆఫీసుల గోడలకు నోటీసు అంటించారు. తుది ఉత్తర్వు వచ్చేలోగా అభ్యంతరాలు ఉన్నవాళ్లు నెలలోపు కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలని.

నోటీసు అంటించిన వారానికి ఆమె మా ఆఫీసుకు వచ్చింది. నా దగ్గర రెండేళ్లు చదివిన పిల్ల, ఆ అడవి అంచు ఊరిదే. కాలేజీకి రావాలంటే రోడ్డు దాకా నడిచి బస్సెక్కాలి, అయినా ఫస్ట్ పీరియడ్‌కు ఉండేది. ఇప్పుడు పెళ్లయింది. పొద్దున తునికాకు కోయడానికి పోతుంది, ఊళ్లో వార్డు మెంబరు. ఎవరికి ఏ కాగితం వచ్చినా ఆమె దగ్గరికే పట్టుకొస్తారు. ఆకు పసరుకు వేళ్లు నల్లగా అయి ఉన్నాయి. ఫోన్‌లో తీసుకున్న నోటీసు ఫోటో చూపించింది.

"సార్, ఒక్కటే అడగడానికి వచ్చిన. గీ బిల్లుకు మన ఎమ్మెల్యే సారు ఎటు ఓటేసిండు?"

"ఎందుకమ్మా ఇప్పుడది?"

"ఊళ్లె రెండు మాటలైతున్నయ్. సారు మా దిక్కే ఉన్నడు, ఆయనే చూసుకుంటడని కొందరంటున్నరు. కాదు, ఆయనే లేసి నిలబడ్డడట, మనమే అందరం కలెక్టర్ ఆఫీసుకు పోయి కాగితం ఇయ్యాలని నేనంటున్న. తునికాకు సీజన్ గద, ఒక్కరోజు పని పోతదంటే ఎవలు కదుల్తలేరు. నిజమేందో తెలిస్తే అందరిని లేపుత. క్లాసుల మీరే చెప్పిన్రు గద సార్, సభల జరిగిందంతా రాసి పెడతరని, ఎవలడిగినా చూపిస్తరని."

దస్త్రం నా కుర్చీ వెనక బీరువాలో ఉంది. లేచి రెండడుగులు వేస్తే చాలు.

"అది మూజువాణి ఓటమ్మా" అన్నాను. "పేర్లు రాయరు. ఎవరు ఎటు అన్నారో ఎవరూ చెప్పలేరు."

ఆమె నా ముఖం వంక చూస్తూ ఉంది. అక్కడితో ఆగినా కొంత బాగుండేది. నేను ఆగలేదు.

"సార్ మనసు మీ వైపే ఉంది. నేను రోజూ చూస్తున్నాను కదా. కంగారు పడకండి, ఆయన చూసుకుంటారు."

"మీరు చెప్తున్నరు గద సార్, చాలు" అని లేచింది. టీ తాగి పొమ్మంటే, బస్సు పోతదని వెళ్లిపోయింది.

ఎందుకలా చెప్పానని తర్వాత చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. నన్ను చెప్పమన్నవాళ్లు లేరు. సార్‌కు ఆమె వచ్చిన సంగతే తెలియదు. ఆఫీసుకు వచ్చిన మనిషిని గొడవ లేకుండా పంపించడం అలవాటైపోయింది, అది ఒక కారణం. రెండోది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. మా ఇంట్లో అందరం పట్టణం కావాలనుకున్నవాళ్లమే. మా బావకు రోడ్డు పక్కన షాపులు కట్టాలని ఉంది. నాకు కూడా మా వీధికి డ్రైనేజీ, లైట్లు వస్తే బాగుండుననే ఉంది. గూడెం వాళ్లంతా కలెక్టర్ ఆఫీసు ముందు కూర్చుంటే ఆ పని ఆగుతుందేమోనన్న భయం నాలో ఎక్కడో ఉంది. అప్పుడు నేను ఇదంతా ఆలోచించలేదు. నోరు దానంతటదే చెప్పేసింది.

నెల గడిచింది. ఆ ఊరి నుంచి ఒక్క కాగితం కూడా వెళ్లలేదు.

వానలు మొదలయ్యాక ఆ ఊళ్లో కొత్త బోరు ప్రారంభించడానికి సార్ వెళ్లారు. నేనూ వెళ్లాను. కొబ్బరికాయ కొట్టడం అయ్యాక బడి వరండాలో అందరూ కూర్చున్నారు. ఆడవాళ్లు ఒకవైపు, వాళ్ల ముందు ఆమె. ఊరి పెద్ద ముసలాయన లేచి కోయలో ఏదో అన్నాడు, తర్వాత తెలుగులో అడిగాడు.

"సారూ, మా ఊరు టౌన్ల కలిసిందంటున్నరు. మీరు వద్దన్నరా, కావాలన్నరా?"

నేను నేలకేసి చూశాను. సార్ మాత్రం కొంచెం కూడా తడబడలేదు.

"నేనెందుకు దాస్తా పెద్దాయనా? కావాలన్నా. పార్టీ నిలబడమంది, నిలబడ్డా. పేరు కూడా రాసుకున్నరు. మీకు నచ్చకపోతే అభ్యంతరం ఇయ్యమని నెల టైం ఇచ్చిన్రు గదా. ఇచ్చిన్రా మీరు?"

 ముసలాయన ఆమె వైపు తిరిగాడు. ఆడవాళ్లూ తిరిగారు. కోయలో నాలుగైదు గొంతులు ఒకేసారి లేచాయి. నాకు భాష రాదు కానీ ఏమంటున్నారో అర్థం కావడానికి భాష అక్కర్లేదు. ముసలాయన తెలుగులో, మాకందరికీ వినపడేలా, ఆమెనే అడిగాడు.

"పేర్లు రాయరని గద నువ్వు చెప్పినవ్ బిడ్డా? సారు మన దిక్కే అన్నవ్. నీకెవలు చెప్పిన్రు?"

ఆమె నన్ను చూసింది. ఒక్క క్షణమే. నేను సార్ కుర్చీ పక్కన, చేతిలో అర్జీల కట్టతో నిలబడి ఉన్నాను. ఆమె వేలు చూపిస్తే చాలు. నేను నోరు తెరిచినా చాలు.

"ఎవలు చెప్పలే తాతా" అంది. "నేనే సరిగ్గ తెలుసుకోలే. తప్పు నాదే."

నేను అర్జీల కట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

కారులో వెనక్కి వస్తుంటే సార్ అన్నారు, "ఆ అమ్మాయి మన ఆఫీసుకొచ్చింది కదా మాస్టారూ? డ్రైవర్ చెప్పాడు. మీరేనా ఆమెకు చెప్పింది?"

"అవునండీ."

"ఎందుకు? ఉన్నదున్నట్టు చెప్తే ఏమయ్యేది? నాకేం పోయేది?" అని కాసేపు కిటికీలోంచి జామాయిల్ తోటలు చూశారు. "మీ రిజిస్టర్లోనే ఉంది కదా, ఆ ఊళ్లో ఎన్ని ఓట్లని. ఆ ఊరు నన్ను గెలిపించేదీ లేదు, ఓడించేదీ లేదు. అందుకే నేను నిజం చెప్పగలిగా."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా అంత బాధ ఉండేది కాదేమో. నా అబద్ధం ఆయనకు కూడా పనికిరాలేదు.

ఊరు పట్టణంలో కలిసిపోయింది. పంచాయతీ లేదు కాబట్టి ఆమె వార్డు మెంబరు పదవీ లేదు. అది చిన్న నష్టం. పెద్ద నష్టం ఏమిటో ఆ ఊరి నుంచి అర్జీతో వచ్చిన ఒకామె మాటల్లో తెలిసింది. ఇప్పుడు కాగితాలు ఎవరూ నా పాత విద్యార్థినికి చూపించడం లేదట. బ్యాంకు కాగితమైనా, దవాఖానా చీటీ అయినా రోడ్డు మీది దుకాణంలో చదివించుకుంటున్నారట. "ఆమెకు సరిగ తెల్వదంట గద" అంది.

అది విన్నాక కూడా నేను ఎనిమిది నెలలు అదే కుర్చీలో కూర్చున్నాను. రాజీనామా చేశానని, నా మనసు ఒప్పుకోలేదని రాయాలని ఉంది. అది నిజం కాదు. కల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం దొరికింది, అందుకే మానేశాను.

మానేసిన నెలకు ఆమె ఇంటికి వెళ్లాను. ఆ జిరాక్స్ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లాను. వాకిట్లో జామాయిల్ కర్ర బెరడు తీస్తోంది. పీట వేసింది, నీళ్లు ఇచ్చింది, మళ్లీ పనిలో కూర్చుంది. నేను కాగితం తీశాను.

"నాకు తెలుసు సార్" అంది చూడకుండానే. "ఆ రోజు సారు చెప్పినంక నేనే ఫోన్‌ల తీసి చూసిన. అసెంబ్లీ సైట్‌ల ఉన్నది. ముందే చూడాల్సింది. మీరు చెప్పిన్రని చూడలే."

"మరి అందరి ముందు నా పేరెందుకు చెప్పలేదమ్మా?"

కత్తి పక్కన పెట్టింది. "మీ పేరు చెప్తే ఏమైతది? చదువుకున్నోళ్లంతా గింతే అంటరు. రేపు నా బిడ్డ చదువుకొని వచ్చి ఏదన్నా చెప్తే అదీ నమ్మరు. నాకు సరిగ తెల్వదంటే నాతోనే పోతది." మళ్లీ కత్తి అందుకుని, "మీ మీద ప్రేమతో చెప్పలేదనుకోకున్రి" అంది.

నేనేం చేయగలనని అడిగాను. అలా అడగడం కూడా నా బరువు ఆమె మీద పెట్టడమేనని అడిగాక తెలిసింది.

"వచ్చే ఆదివారం అందరుంటరు. నేను చెప్పుడు వేరు, మీ అంతట మీరే చెప్పుడు వేరు. వచ్చి చెప్పున్రి" అంది.

ఆ ఆదివారం నేను వెళ్లలేదు. మా ఇంట్లో పెళ్లిచూపులున్నాయి. వాటిని ఇంకో రోజుకు మార్చొచ్చు. ఆ తర్వాతి ఆదివారం జ్వరమన్నాను, నాకు నేనే. మూడో ఆదివారం వెళ్లాను. అదే బడి వరండా. పాతికమంది దాకా ఉన్నారు. నిలబడి చెప్పాను. ఆమె నా దగ్గరికి వచ్చి అడిగిందని, రికార్డు నా వెనక బీరువాలోనే ఉందని, లేదని చెప్పింది నేనేనని. పది వాక్యాలు కూడా ఉండవు.  ఆమె నా మాటల్ని కోయలోకి మార్చి చెప్పింది, ఒక్క మాట పెంచలేదు, తగ్గించలేదు.

ముసలాయన అంతా విన్నాడు. "గడువు మళ్లొస్తదా?" అని అడిగాడు.

"రాదు."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నవ్?"

 ఆయన జవాబు కోసం చూడలేదు. అందరూ కొత్త ఇంటి పన్ను నోటీసుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒక ముసలామె చీర కొంగులోంచి మడత పెట్టిన నోటీసు తీసి చుట్టూ చూసి, కాసేపు ఆలోచించి, నా పాత విద్యార్థిని చేతికే ఇచ్చింది. ఒక్కరే. మిగతావాళ్ల నోటీసులు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి.

తిరిగి వెళ్లేటప్పుడు ఆమె రోడ్డు దాకా వచ్చింది, ఆ దారిలో ఏదో పని ఉందని.  ఆటో ఎక్కుతుంటే అంది.

"ఆడోళ్లు అంటున్నరు సార్, పాపం వచ్చి చెప్పిండు గదా అని."

నేను తలెత్తి చూశాను.

"నేను అనలే" అంది. తర్వాత ఆటో అతనితో, "జాగ్రత్తగ తీస్కపో, ముందర రోడ్డు తవ్విన్రు" అని చెప్పి వెనక్కి తిరిగింది.