లేదని తేల్చిన ఫరీన్

నాలుగేళ్లు వెతికి వెతికి గూడూరు ఫరీన్ సాధించిన మొదటి విజయం ఇది: సూపర్‌సిమెట్రీ అనే సిద్ధాంతం ప్రకారం న్యూట్రినోకు జోడీగా ఉండాల్సిన కణం, తాము గాలించిన బరువుల్లో ఎక్కడా లేదని రుజువు చేయడం. కణాలను ఢీకొట్టించే యంత్రం, జెనీవా కొలైడర్ దగ్గర పనిచేసే ఆమె జట్టు ఆ సంగతి ప్రకటించగానే, న్యూట్రినోకు పిసరంత బరువు ఎక్కడిదో చెప్పబోయిన సిద్ధాంతాలు కొన్ని చతికిలబడ్డాయి.

గూడూరులో సన్మాన సంఘం అధ్యక్షుడు జయరామయ్య బుర్రకు ఇదేదీ ఎక్కలేదు. ఆయన చదువల్లా ఫ్లెక్సీలో తన బొమ్మ ఎంత పెద్దదో కొలుచుకోవడం వరకే. సెలవుకొచ్చిన ఫరీన్ కోసం కల్యాణమండపం ముందు ఫ్లెక్సీ కట్టించాడు: "కొత్త కణాన్ని కనిపెట్టిన మన ఆడబిడ్డ".

"ఆ మాట తీసేయండి సార్. లేకుంటే స్టేజీ ఎక్కను," అంది ఫరీన్. జట్టులో ఆమె సంపాదించుకున్నదల్లా తన మాట మీద నమ్మకమే. ఈ ఫ్లెక్సీ ఫొటో ఒక్కటి అక్కడికి చేరితే అదీ మట్టిలో కలుస్తుంది.

"దొరకలేదని సన్మానం చేస్తే జనం నవ్వరామ్మా?"

పక్కనున్న తాత చోటే సాహెబ్‌కు ఒళ్లు మండింది. ఐదో తరగతి చదువుతో నలభై రెండేళ్లు నిమ్మకాయల మార్కెట్టును ఏలినవాడు. గూడూరు కాయను ఢిల్లీ లారీ ఎక్కించి, చేరేసరికి తరుగెంతో బస్తా చూసి చెప్పినవాడు.

"ఏం జయరామయ్యా, నువ్వూ కాయలమ్మినోడివే గదా! ఢిల్లీలో తూకం తగ్గితే ఏమంటావు?"

"దొంగ పడినాడంటా."

"అందుకే రెండేళ్లకే దుకాణం మూసినావు. దారిలో ఆరిపోయే తరుగు ముందు తీసేయాల. అది పోనూ తగ్గితేనే దొంగ. ఆ మిషన్లోనూ అంతే. కనపడకుండా శక్తిని పట్టుకుపోయేది మామూలుగా న్యూట్రినోలే. వాటి వాటా తీసేసినా ఇంకా తగ్గితేనే కొత్త కణం. రెండో ఏడు అట్లా కనబడిందని జట్టంతా గంతులేసినారంట. న్యూట్రినోల వాటా తక్కువ కట్టినామని చూపించి, ఆ గంతులాపింది ఈ పిల్లే. లేని దొంగను పట్టినానని చెప్పమంటావా?"

"శాలువా కొనేసినాం సాహెబూ..."

"నువ్వే కప్పుకో. దానికి నీకంటే తగినోడు ఎవురుండారు?"

ఫ్లెక్సీలో మాట మారలేదు. ఫరీన్ స్టేజీ ఎక్కలేదు. తాతా మనవరాలూ ఆటో ఎక్కుతుంటే జయరామయ్య వెనకనుంచి అరిచాడు: "దొరికినాక రామ్మా, అప్పుడు చేస్తాం!"

"దొరికినా దొరక్కపోయినా వస్తా సార్. మళ్లీ వచ్చేదానికి టికెట్టు కొనేసినా," అంది ఫరీన్.

మనవరాలు మళ్లీ వచ్చే తేదీ మాత్రం చోటే సాహెబే, బజారంతా వినేటట్టు చెప్పాడు: "2027 మార్చి 22, సోమవారం."