సమ్మెలో ఉన్న దరఖాస్తుదారు

2011లో, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ట్రావెల్ ఏజెన్సీలో సీనియర్ డాక్యుమెంట్ చెకర్‌ని. ఫైలు వీసా ఆఫీసుకు వెళ్లే ముందు చివరి సంతకం నాది. గుంటూరు నుంచి వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లుగా అదే పనిలో ఉన్నాను. మచ్చలేని ఫైలు కడతానని నాకు పేరుండేది, దానికి తగ్గ పొగరూ ఉండేది.

ఎల్‌బీ నగర్‌లో ఉండే యాదగిరి అనే ప్రభుత్వ గుమస్తా, తన తల్లి నర్సమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. కాలం చేసిన ఆమె భర్త నేసిన చీర లండన్‌లోని ఒక మ్యూజియంలో ఉందని ఎవరో ఫొటో చూపించారట. ఆమె నమ్మలేదు. ఆర్నెల్లకు మించి చూపు నిలవదని కంటి డాక్టరు చెప్పాడు.

"ఫొటోల ఏం తెలుస్తది సార్? ఆయనదో కాదో కండ్లార చూస్తే చెప్తా" అంది.

టూరిస్టు వీసాకు అధికారి వెతికేది ఒక్కటే, ఈ మనిషి తిరిగొస్తాడా అని. ఉద్యోగి విషయంలో దానికి జవాబు సెలవు పత్రం. ఫలానా తేదీన విధుల్లో చేరతాడని ఆఫీసు రాసివ్వాలి. యాదగిరి ఆఫీసుకు తాళం. సంతకం పెట్టాల్సిన సూపరింటెండెంట్ ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర సమ్మె శిబిరంలో ఉన్నారు. ఇద్దరం అక్కడికే వెళ్లాం.

"సంతకం పెడితే డ్యూటీ చేసినట్టే గద సార్. సమ్మెల ఎట్ల పెట్టాలె?" అన్నారాయన. టీ మాత్రం ఇప్పించారు. యాదగిరి టీ తాగి ఆయన పక్కనే కూర్చున్నాడు. ఆ పూట శిబిరంలో కూర్చోవడం అతని వంతు.

నేను తిరిగొచ్చి, అలవాటు ప్రకారం 'దరఖాస్తుదారు వార్షిక సెలవులో ఉన్నారు' అని కవరింగ్ లెటర్ టైపు చేశాను. సాయంత్రం యాదగిరి చదివి, కాగితం వెనక్కి తోశాడు.

"సెలవుల లేను సార్, సమ్మెల ఉన్న. గదే రాయుండ్రి."

"అలా రాస్తే వీసా రాదండీ. అమ్మగారి కళ్ల సంగతి ఆలోచించారా?"

"అమ్మనే చెప్పింది."

నాకు ఒళ్లు మండింది. సమ్మె మీద నా అభిప్రాయం వేరు, ఫైలు మీద ఇంకా వేరు. అయినా దరఖాస్తు అతనిది. దరఖాస్తుదారు సమ్మెలో ఉన్నారు, పై అధికారి కూడా సమ్మెలోనే ఉన్నారు, అందువల్ల సెలవు పత్రం లేదు అని రాశాను. తిరిగొచ్చాక సమ్మె ఉంటే శిబిరంలో, లేకుంటే ఆఫీసులో కూర్చుంటారని చేర్చాను. శిబిరంలో యాదగిరి, సూపరింటెండెంట్ పక్కపక్కన కూర్చున్న ఫొటో తీయించి జతపరిచాను. అంత అధ్వానమైన ఫైలు మీద అంతకుముందెప్పుడూ సంతకం పెట్టలేదు.

మూడు వారాలకు రెండు వీసాలూ వచ్చాయి. ఎందుకిచ్చారో వాళ్లు చెప్పరు.

ప్రయాణం నుంచి వచ్చాక నర్సమ్మ కనిపించింది. చీర ఆయనదేనా అని అడిగాను.

"ఆయనదే. కొంగుల ఒక చిలుకకు ముక్కు సగమే ఉన్నది. రంగులేసే ముందు దారానికి ముడులు కట్టింది నేనే, గాడ తప్పు కట్టిన. అప్పుడు మస్తు తిట్టిండు. గది చూసే గుర్తువట్టిన."

నా మచ్చలేని ఫైళ్లు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. అప్పటి నుంచి ఫైల్లో ఉన్న లోపాన్ని దాచడం మానేసి, మొదటి పేజీలోనే రాయించేవాణ్ణి. కొందరికి వీసాలు రాలేదు. రిటైరయ్యేదాకా అలాగే రాయించాను.