భయం దొరకని సారు

భయపడిన మనిషి కంటబడితే చాలు, యేసురత్నం సారు జేబులోంచి సూది తీసేవారు. "ఒక్క చుక్క రక్తం ఇస్తావా అప్పా" అని ఆయన అడిగే తీరు చూస్తే మంచినీళ్లు అడుగుతున్నారనుకోవాలి. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చి నంద్యాల కాలేజీలో జీవశాస్త్రం చెప్పే పెద్దమనిషికి ఇదేం పిచ్చి అని జనం నవ్వుకునేవాళ్లు. పందొమ్మిదివందల డెబ్బై ఎనిమిదిలో పట్టిన పిచ్చి, ఎనభై రెండు దాకా వదల్లేదు.

లాబ్ అటెండరు బయ్యన్నకు మాత్రం సంగతి తెలుసు. ఒక మధ్యాహ్నం సారు అతన్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు.

"కుందేరు గట్టు మీద జనం కూర్చున్నట్టు, రక్తనాళం గోడకు ఈ తెల్లకణాలు అతుక్కొని ఉంటాయి బయ్యన్నా. భయమేస్తే ఒంట్లో ఒక హార్మోను ఊరుతాది. అది తగిలితే ఇవి గోడ వదిలేసి నీళ్లలోకి దూకుతాయి. అప్పుడు చుక్క తీసి లెక్కబెడితే ఎక్కువ కనబడాల."

"మళ్లా గట్టెక్కవా సార్?"

"ఎక్కుతాయి, భయం పోతే" అని సారు కిటికీలోంచి ఎటో చూస్తూ ఉండిపోయారు. ఆయన ఆ చూపులో పడ్డారంటే పీరియడు గంట కూడా వినబడదు. టీ చల్లారింది. బయ్యన్న వేడి చేసి తెచ్చాడు. అదీ చల్లారింది. పాపం, ఆ కణాలతో పాటు ఆయనా ఏ కాలవలోనో తేలుతున్నట్టుంది.

బస్సు ఓసారి శిరివెళ్ల దగ్గర లారీకి తగలకుండా వెంట్రుకవాసిలో తప్పింది. జనం కేకలు ఇంకా ఆగనే లేదు, సారు సూదితో లేచారు. కండక్టరు నరసింహులు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"లారీ పోయింది గానీ మీరే మిగిలినారు. కూచోండి సార్."

ఆళ్లగడ్డలో శిల్పి సుబ్బరాయుడు ఏనుగంత రాయినైనా లొంగదీస్తాడు. అలాంటివాడు పన్ను పీకించుకోవడానికి పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చి చెమటతో తడిసిపోయాడు. సారు సూది చేతపట్టుకుని పక్కన చేరారు.

"నందికి కన్ను ముందా, చెవి ముందా సుబ్బరాయుడూ?"

అంతే, అరగంట నంది కథ నడిచింది. పన్ను మాటే మరిచిపోయి, వేలు చాపి చుక్కిచ్చాడు సుబ్బరాయుడు. వారం తర్వాత, తీరిగ్గా ఉన్నప్పుడు ఇంకో చుక్క. రెండు లెక్కలూ పోల్చడమే సారు పరిశోధన.

ఎనభై రెండులో థీసిస్ గడువు దగ్గరపడింది. యూనివర్సిటీ నుంచి గైడు శాంతమ్మ గారు లాబ్‌కు వచ్చి రిజిస్టరు తిరగేశారు. తొంభై ఆరు మంది. భయపడిన రోజు లెక్క, మామూలు రోజు లెక్క దాదాపు ఒకటే.

"యేసురత్నం గారూ, ఈ లెక్కన నంద్యాల తాలూకాలో భయమే లేదు. నాలుగేళ్ల పని ఇది. ఇలాగే ఇస్తే డిగ్రీ రాదండీ."

సారు ముఖంలో నెత్తురుచుక్క లేదు. బయ్యన్న టీ గ్లాసు పక్కన పెట్టి ముందుకొచ్చాడు.

"సూది తప్పు కాదమ్మా, సారుదే తప్పు" అన్నాడు. "నా పెండ్లాం లింగమ్మను ఆపరేషనుకు తీస్కపోతే నేను వరండాలో వణుకుతాండా. సారు సూది పట్టుకొని వచ్చినాడు. పొడిచినాడా? లేదు. నల్లమలలో తేనె ఎట్ల తీస్తారని రెండు గంటలు అడిగినాడు. నర్సమ్మ వచ్చి ఏం భయంల్యా అన్న తరువాతనే పొడిచినాడు. అందరికాడా అంతేనమ్మా. భయం పోగొట్టి, ఆనక దాన్ని వెతుకుతాడు."

సారు తల వంచుకున్నారు. "వణికేవాళ్లను పొడవబుద్ధి కాలేదు మేడమ్."

శాంతమ్మ గారు రిజిస్టరు మళ్లీ తెరిచారు. "వాళ్ల పక్కన ఎంతసేపు కూర్చున్నారో రాశారా?"

"నిమిషాలతో సహా."

"అయితే ఇది భయం మీద థీసిస్ కాదు, భయం తగ్గడం మీద. ఇంకో ఏడాది పని చేయండి. ముందొక చుక్క, తర్వాత మీ కబుర్లు, ఆ తర్వాత ఇంకో చుక్క. గడువు పెంచమని రేపు కమిటీని నేనే అడుగుతాను. నిజం చెప్పాలంటే వాళ్లంటే నాకు ఇప్పట్నుంచే గుండె దడ. మొదటి చుక్క నాదే తీసుకోండి."

ఆమె వేలు చాపారు. సారు సూది తీశారు. ఆమె ముఖం చూశారు. మెల్లగా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"మీదే ఊరు మేడమ్?"

"ముందు చుక్క సార్!" అని బయ్యన్న ఆయన చేతిలోంచి సూది లాక్కున్నాడు.