చెల్లి చేతులు ఆగకుండా

మా చెల్లెలికి పుట్టుకతోనే వినపడదు. ఏలూరులో మేం పెరిగిన ఇంట్లో మాటలన్నీ చేతులతోనే నడిచేవి. ఆ సైగలు ఏ బడిలోనూ నేర్పినవి కావు, మాకు మేం కల్పించుకున్నవి. మీసం మెలేస్తే మేనమామ. ముక్కు పట్టుకుంటే చేపల మార్కెట్. రెండు చేతులూ గబగబా ఆడించి కనుబొమలు ఎగరేస్తే పక్కింటివాళ్ళ గొడవ. మా చెల్లెలు వట్టి వసపిట్ట. నిద్రలో కూడా దాని వేళ్ళు ఊరుకునేవి కావు.

దానికి తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. నన్ను అంతకుముందే కైకలూరు అవతల, కొల్లేరు అంచున ఉన్న ఊరికి ఇచ్చారు. దానికి చదవడం, రాయడం రాదు, ఇక మాట్లాడుకోవాలంటే వీడియో కాల్ ఒక్కటే దారి. మా ఊళ్ళో ఫోన్ సిగ్నల్ సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. దాని చెయ్యి గాల్లోకి లేచి అక్కడే బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేసరికి మరో మాటలో ఉండేది. చెవులతో వినేవాళ్ళకు బొమ్మ ఆగినా గొంతు వస్తుంది. మాకు బొమ్మే మాట. కొన్నాళ్ళకు అది పొడుగు మాటలు మానేసింది. గుండె మీద చెయ్యి వేసి తల ఊపేది, బాగున్నాను అని. ఆ ఒక్క సైగ ఎంత పాడు సిగ్నల్‌లోనైనా అందేది. నేనూ అదే చేసేదాన్ని. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంటర్నెట్ ఫైబర్ లైను ఏలూరుకు ఎప్పుడో వచ్చింది. తర్వాత తాడేపల్లిగూడెం, ఆ తర్వాత కైకలూరు. మా చెల్లెలి అత్తవారింట్లో పెట్టించుకున్నారు కూడా. మా దగ్గర మాత్రం మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. "అన్ని ఊళ్ళకీ వచ్చింది, మనకి రాదా ఏంటి" అనేవారు మా ఆయన. ఆయనకు కైకలూరులో చేపల మేత కొట్టుంది, రోజంతా నలుగురితో మాట్లాడి వస్తారు. ఆయనకేం తొందర? నేను మాత్రం తెచ్చి తీరాలనుకున్నాను.

కైకలూరులో లైను వేసే ఆయన్ని పట్టుకున్నాను. ఆయన వచ్చి చూసి, రోడ్డు నుంచి ఊళ్ళోకి దగ్గర దారి రొయ్యల చెరువు గట్టేనని, చెరువు ఆయన ఒప్పుకుంటే స్తంభాలు వేస్తామని చెప్పారు. ఆ చెరువు లీజుకు చేస్తున్న పెద్దాయన దగ్గరకు ఆ రోజే వెళ్ళాను.

"కుదరదండీ" అన్నారాయన, కుర్చీ చూపించి మరీ. "తీగంటూ ఉంటే కాకి వాలుద్దండి. పక్క చెరువులో జబ్బు రొయ్యని కరుచుకొచ్చి, మీ తీగ మీద కూచుని తింటా నా చెరువులో పడేస్తుందండి. ఒక్క రొయ్య చాలు, పంటంతా పోద్ది."

ఆయన చెప్పింది నిజమే.

"మా చెల్లెలితో మాట్లాడాలండీ" అన్నాను.

"ఫోన్ చెయ్యండి."

"దానికి వినపడదండీ."

"పాపం" అన్నారాయన. ఒప్పుకోలేదు మాత్రం.

పాపం అన్న మాట నాకు గిట్టదు. మర్నాటి నుంచి ఆ గట్టు మీద తిరగడం మొదలుపెట్టాను. పిట్టలు దిగకుండా చెరువు చుట్టూ సరుగుడు కర్రల బాదులు పాతి, వాటికి బారులుగా దారాలు లాగి కట్టారు. కొంగలు, నీటికాకులు వచ్చేవి, పైనే తిరిగేవి, రెక్కకు దారం తగులుతుందని దిగకుండా పోయేవి. దారాల కిందకు ఒక్కటీ రాలేదు. మరి తీగను స్తంభాల మీద అంత ఎత్తున ఎందుకు కట్టాలి? అవే బాదులకు, ఆ దారాల కిందగా కడితే? లైను ఆయన్ని అడిగాను. తీగ బరువుండదనీ, గట్టుకు లోపలి వైపు బళ్ళు తిరగవు కాబట్టి కట్టొచ్చనీ అన్నారు.

పెద్దాయన నమ్మలేదు. "ముందు ఉత్త తాడు కట్టి చూద్దామండీ. ఒక్క పిట్ట వాలినా నేనే కోసేస్తాను" అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. సరేనన్నారు. పొద్దున్నా సాయంత్రమూ గొడుగు వేసుకుని ఆ తాడుకు కాపలా కూర్చున్నాను. రొయ్యల చెరువుకు కొత్త వాచ్‌మన్ వచ్చిందని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఓ రోజు ఒక కాకి దారాల పైన చక్కర్లు కొట్టి కొట్టి, తాడు వంకే చూస్తున్నట్టు అనిపించి, నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. చివరికి అది వేరే చెరువు చూసుకుంది. కొన్నాళ్ళకు పెద్దాయనే మా ఇంటికి వచ్చి "కట్టించుకోండమ్మా" అన్నారు.

లైను వచ్చిన రోజు మధ్యాహ్నం చెల్లెలికి కాల్ చేశాను. దాని వేళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ఎప్పటిలాగే గుండె మీద చెయ్యి వేసింది. నేను తల అడ్డంగా ఊపాను. అలా కాదు, ఇప్పుడు ఎంతసేపు చెప్పినా ఆగదు, పూర్తిగా చెప్పు అన్నాను. అది నమ్మక, రెండు చేతులూ గబగబా ఆడించి, ఆగాయా అని అడిగింది. లేదన్నాను.

అప్పుడు చెప్పింది, బాగోలేనని. మొగుడు పామాయిల్ తోటల పని మీద వారమంతా జంగారెడ్డిగూడెంలోనే ఉంటాడు. ఇంట్లో అందరూ మంచివాళ్ళే, పల్లెత్తు మాట అనరు. కానీ ఎవరికీ ఒక్క సైగ రాదు. గిన్నె చూపిస్తే కడగాలి, చీపురు చూపిస్తే ఊడవాలి. నాతో ఎవరూ మాట్లాడరక్కా, చూపిస్తారంతే అంది. ఏడవలేదంటే అబద్ధం. ఏడుస్తూనే, మీ అత్తగారిని పిలువు అన్నాను.

ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి దాని పక్కన కూర్చున్నారు.

"అత్తయ్యగారూ, రోజూ ఈ వేళకి ఓ అరగంట కూర్చోండి. మా చెల్లి మాటలు మీకు నేర్పుతాను" అన్నాను.

"ఈ వయసులో నాకేం వస్తాయమ్మా."

"మా ఇంట్లో అది మూగది కాదండీ. మీ ఇంట్లోనే అయింది."

ఆవిడ మొహం చిన్నబోయింది. లేచి వెళ్ళిపోతారనుకున్నాను, వెళ్ళలేదు. ఫోన్ వైపు ఇంకాస్త జరిగి, "అయితే ముందు, అన్నం తిన్నావా అని ఎలా అడగాలో చెప్పు" అన్నారు.

"నోటి దగ్గర చెయ్యి పెడితే తినమని చెప్పినట్టండీ. అడగాలంటే కనుబొమలు ఎత్తి, జవాబు వచ్చేదాకా దాని కళ్ళలోకి చూడాలి."

ఆవిడ కోడలి వైపు తిరిగారు. చెయ్యి నోటి దగ్గరకు తీసుకెళ్ళి, కనుబొమలు ఎత్తి, అలాగే చూస్తూ ఉండిపోయారు. మధ్యాహ్నం మూడు దాటింది. మా చెల్లెలు నా వంక చూడలేదు. ఆవిడనే చూస్తూ, ఇంకా లేదు అంది.