సాలు చివర మొక్కు

నా చిన్నప్పుడు మా ఊరి చేలల్లో ‘నడుం’ అనేది ఒక కేక. గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్న మేస్త్రి నోటి నుంచి ఆ ఒక్క ముక్క వస్తే చాలు, కలుపు తీస్తున్న పద్నాలుగు మంది ఆడవాళ్ళలో ఎవరు లేచి నిలబడి ఉంటే వాళ్ళు గబుక్కున వంగిపోయేవాళ్ళు. ఎవరిని అన్నాడో చూసుకునే తీరిక కూడా ఉండేది కాదు. ఇప్పుడు నా మనవరాలు ఫోనులోకి మెడ వంచి కూర్చుంటే నేనూ అదే మాట అంటాను. కాకపోతే నేను అనేది లేవమని. ఆ తేడా నాకు నేర్పింది మా అవ్వ, అంటే మా నాయన తల్లి. ఎట్లా నేర్పిందో చెబుతాను గానీ మెత్తగా చెప్పమంటే నా వల్ల కాదు. ఆ కేక తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మాది హగరి ఏటి ఒడ్డున ఒక పల్లె. నేలంతా నల్లరేగడి. వానాకాలం వచ్చిందంటే పత్తి చేలల్లో కలుపు పని తప్పితే మాకు వేరే పని లేదు. రేగడి సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు, ఒక్క పెద్ద వాన పడితే వారం దాకా మనిషిని కాలు పెట్టనివ్వదు. అడుగు వేస్తే మోకాలి దాకా లాగేసుకుంటుంది. ఆ వారంలో కలుపు పత్తిని మించిపోతుంది. అందుకే వానకూ వానకూ మధ్య దొరికిన నాలుగు ఎండ రోజుల్లోనే పని అంతా పిండాలని చూసేవాళ్ళు.

మనిషికి రెండు సాళ్ళు, అంటే రెండు పత్తి వరసలు. చేతిలో కలుపు తీసే తొలిక. దాని పిడి మూరెడు కూడా ఉండదు, కాబట్టి దాన్ని పట్టుకున్న మనిషి రెండుగా మడిచినట్టు వంగాల్సిందే. పొద్దున వంగితే సంగటి తినే వేళకు లేవడం, మళ్ళీ వంగితే పొద్దు వాలాక లేవడం. అది ఆ మేస్త్రి పెట్టిన కట్టడి. మధ్యలో నడుము ఎత్తినవాళ్ళు సోమరులని ఆయన లెక్క. రెండుసార్లు చూసి ఊరుకునేవాడు. మూడోసారికి ఆ మనిషిని మర్నాటి నుంచి పిలిచేవాడు కాదు. ఆ ఒక్క మనిషి దగ్గరే చుట్టుపక్కల నాలుగైదు చేల పని ఉండేది. ఆయన పిలవకపోతే ఇక ఇంట్లో కూర్చోవడమే.

ఆ ఏడు మా అమ్మ మూడు నెలల బాలింత. తమ్ముణ్ణి గట్టు పక్క తుమ్మచెట్టుకు చీర ఊయల కట్టి పడుకోబెట్టి సాలు పట్టేది. మా నాయన కాలు విరిగి మంచంలో ఉన్నాడు, అమ్మ పనికి పోక తప్పని రోజులు. అమ్మ నడుము కాన్పు తర్వాత నిలవలేదు. సాయంత్రం ఇంటికొచ్చి గడప పట్టుకుని మెల్లగా కూర్చునేది. మెడ పక్కకు తిప్పాలంటే మొత్తం మనిషే తిరిగేది. ఊయలలో తమ్ముడు ఏడిస్తే వంగి ఎత్తుకోలేక నన్ను పిలిచేది. నేను ఎత్తి చేతికి ఇస్తే పాలు ఇచ్చేది. కన్నబిడ్డను తానే ఎత్తుకోలేనందుకు ఆమె మొహం చాటు చేసుకోవడం నేను చూశాను. నాకప్పుడు పదేళ్ళు. బడి లేని రోజుల్లో నేనూ చేనికి పోయి, అమ్మ వెనకబడితే ఆమె సాలు అవతలి కొస నుంచి కలుపు తీసుకుంటూ ఎదురొచ్చేదాన్ని.

ఒకరోజు అమ్మ సాలు సగంలో తొలిక మీద చేయి ఆన్చి లేచి నిలబడింది. కేక పడింది. ఆమెకు అది రెండోసారి. మేస్త్రి గట్టు దిగి వచ్చి, “ఇంగోసారి నడుమెత్తితే రేపట్నుంచి నువ్వు రాబనిలేదు మ్మే. సుమ్నె నిలబడితే కెలసం ఎట్ల అవుతాది?” అని సగం కన్నడంలో, ఊరికే నిలబడితే పని ఎట్లా అవుతుందని అడిగి పోయాడు. అమ్మ మళ్ళీ వంగింది. పక్క సాల్లో ఉన్న మా అవ్వ ఏమీ అనలేదు. అందరికంటే పెద్దది, అందరికంటే ముందు సాలు ఆమెదే. ఆమె నోరు మూసుకుందంటే లోపల ఏదో ఉడుకుతోందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు అవ్వ మణికట్టుకు పసుపుదారం కట్టుకుని చేనికి వచ్చింది. సాలు పట్టకముందే మేస్త్రి దగ్గరికి పోయి చేతులు కట్టుకుని చెప్పింది. “నా కండ్లు మసకలు కమ్ముతాండాయప్పా. సూర్యనారాయణ సామికి మొక్కుకున్నా. సాలు సాలుకీ చివర నిలబడి ఆయప్పకు చేతులెత్తాల. ఎవరన్నా అడ్డం చెప్తే ఆ మసకలు వాళ్ళ కండ్లకు పోతాయంట.” మేస్త్రికి ఆ నెలలోనే కొత్తగా కళ్ళద్దాలు వచ్చాయి. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, సరే చేసుకో అన్నాడు.

ఆ మొక్కుకు మా అవ్వ పెట్టిన నియమాలు ఇన్నీ అన్నీ కావు. సాలు చివరికి రాగానే తొలిక కింద పెట్టాలి. కాళ్ళు ఎడంగా పెట్టుకుని రెండు అరచేతులూ నడుము మీద వేసి మెల్లగా వెనక్కి వాలాలి. తర్వాత చేతులు పైకెత్తి జోడించి, సూర్యుణ్ణి కళ్ళు తెరిచి చూడకూడదు కాబట్టి కళ్ళు మూసుకుని మొహం పైకెత్తాలి. తల కుడి భుజం వైపు తిప్పి ఒక దండం, ఎడమ భుజం వైపు తిప్పి ఒక దండం. చివరన భుజాలు చెవుల దాకా ఎత్తి, బరువు దించినట్టు వదిలేయాలి. తొందరపడితే మొక్కు చెల్లదు. ఒక్కొక్క దండానికి మూడు ఊపిరులు.

రెండో రోజుకు మా అమ్మ మణికట్టుకు దారం వచ్చింది. మూడో రోజుకు పద్నాలుగు మందికీ వచ్చింది. మేస్త్రి నమ్మలేక, అందరికీ ఒక్కసారే మసకలు ఎట్లా వచ్చాయని అడిగాడు. “ఊరి నీళ్ళప్పా” అంది అవ్వ. ఆయన ఆ రోజు మా ఊరి బావి నీళ్ళు తాగలేదు, సంగటి తిని దప్పికతోనే కూర్చున్నాడు.

సాలు చివరే కాదు, సాలు మధ్యలో కూడా అవ్వ అమ్మకు పని చేసే తీరు మార్పించింది. మెడను వేలాడదీయొద్దని చెప్పేది. నడుము దగ్గర విరిగినట్టు కాకుండా తుంటి దగ్గర మడవమని, ఒక కాలు ముందుకు పెట్టి మోకాలు కొంచెం వదులు చెయ్యమని చూపించేది. సగం సాలు కుడి చేత్తో తీస్తే సగం ఎడమ చేత్తో తీయించేది. ఎడమ చేత్తో అమ్మ తొలిక వంకరటింకరగా పోయేది, పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు, అమ్మ కూడా నవ్వేది. బాగా అలసిపోతే నాలుగు మూరలు గొంతుక్కూర్చుని తీసేది. నొప్పి పూర్తిగా పోయిందని నేను అబద్ధం చెప్పను. కానీ ఇరవై రోజులకు ఒక సాయంత్రం తమ్ముడు ఏడిస్తే నేను లేచేలోపల అమ్మే ఊయలలోంచి ఎత్తుకుంది. ఎత్తుకుని వాణ్ణి కాదు, నన్ను చూసింది.

నేనేమో ఆ మొక్కును నిజంగా నమ్మాను. చేతులెత్తినవాళ్ళలో నమ్మినదాన్ని నేనొక్కదాన్నే అని నాకు తెలియదు. మా అవ్వ సూదిలో దారం ఎవరినీ అడగకుండా ఎక్కించుకునేది, నా తలలో పేను దాక్కోవడానికి చోటుండేది కాదు. అదంతా సూర్యుడి దయే అనుకున్నాను. ఆ కళ్ళు ఎన్నడూ మసకబారలేదనే ఆలోచన నా మట్టిబుర్రకు తట్టలేదు.

ఒక ఆదివారం తెల్లవారేసరికి ఆకాశమంతా మబ్బు కమ్ముకుంది. ఏటి అవతల నల్లగా దిగి ఉంది. వాన రాకముందే ఆ చేను అయిపోవాలని మేస్త్రి గొడుగు మూసి సాళ్ళ వెంటే తిరుగుతున్నాడు. మొదటి సాలు చివర అందరూ తొలికలు కింద పెట్టి చేతులు ఎత్తారు. నేను పైకి చూశాను. ఎక్కడా వెలుతురు మచ్చ కూడా లేదు. “అవ్వా, సామి యాడా కానరాలేదు కదా. ఎవరికి మొక్కుతాండారు?” అని అందరికీ వినబడేటట్టు అడిగేశాను.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. మేస్త్రి అక్కడే నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన పైకి చూశాడు, అవ్వను చూశాడు, అవ్వ చేతి దారం చూశాడు. మొహం ఎర్రబడింది. “ఇన్ని దినాలు నన్ను ఎర్రోణ్ణి చేసినారు” అన్నాడు. అని అవ్వ మీదికి పోలేదు, ఆ ధైర్యం లేదు. మా అమ్మ వైపు తిరిగాడు. “నీకు ఇది మూడోసారి మ్మే. తొలిక పెట్టేసి ఇంటికి పో.”

అమ్మ చేతులు దించింది. ఆమె నా వైపు చూడలేదు. చూసి తిట్టి ఉంటే బాగుండేది. నా నోటి వల్ల మా ఇంటి పొయ్యి ఆరిపోతుందని నాకు అర్థమైంది.

అప్పుడు మా అవ్వ మణికట్టు దారం పళ్ళతో కొరికి తెంపింది. దాన్ని మడిచి కొంగున ముడి వేసుకుంది. నడుము మీద చేతులు వేసి, మొక్కులో ఎట్లా వాలేదో అట్లాగే వెనక్కి వాలి, నిటారుగా వచ్చి నిలబడింది. మా అవ్వ అంత పొడుగు మనిషి అని నాకు ఆ రోజే తెలిసింది. మేస్త్రి ఆమె భుజం దాకానే ఉన్నాడు.

“మొక్కు లేదప్పా. ఎప్పుడూ లేదు. నడుం ఉండాది. పద్నాలుగు నడుములు ఉండాయి. వంగి కలుపు తీసేది మా పని. వంగే ఉండేది మా పని కాదు.”

గొంతు పెంచలేదు. అంత మాట అని ఏటి వైపు తిరిగి మబ్బును చూస్తూ నిలబడింది. ఒక్కొక్కరుగా మిగతావాళ్ళు కూడా అటే తిరిగి నిలబడ్డారు. ఎవరూ తొలిక తీసుకోలేదు. మేస్త్రి “నడుం” అని కేక వేశాడు. ఒక్కరు కూడా వంగలేదు. మళ్ళీ వేశాడు. తుమ్మచెట్టు కింద తమ్ముడు ఉలిక్కిపడి ఏడ్చాడు. అమ్మ సాలు దాటుకుని పోయి, వంగి, వాణ్ణి ఎత్తుకుని వచ్చి మళ్ళీ తన చోట నిలబడింది.

ఏటి మీద గాలి మారింది, తడి వాసన వచ్చింది. చేను సగం పైగా మిగిలే ఉంది. తడిస్తే వారం దాకా ఎవరూ దిగలేరని మాకు ఎంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు. పక్క ఊరి నుంచి మనుషులను తెచ్చే వ్యవధి లేదు. ఆయన మబ్బును చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ మబ్బును చూశాడు. “సాలు చివర నిలబడుకోండి. బేగ కానీండి” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు, మొహం గట్టు వైపు ఉంది. అవ్వ కదల్లేదు. “ఈ బిడ్డ?” అని అమ్మను చూపించింది. “ఆమె కూడా” అన్నాడు. అప్పుడు వంగింది మా అవ్వ.

చేను అయిపోయింది. ప్రతి సాలు చివరా అందరం నిలబడ్డాం, ఏ సామి పేరూ చెప్పకుండా. ఇంటికి పోతుంటే దారిలో వాన పట్టుకుంది. నేను అందరికీ వెనక ఏడుస్తూ నడిచాను.

ఇంట్లో అవ్వ నన్ను పిలిచి వసారా గుంజకు ఆన్చి నిలబెట్టింది. మడమలు, పిరుదులు, భుజాలు, తల, నాలుగూ గుంజకు తగలాలంది. ఏడుస్తూ ఉంటే తల తగలడం లేదు, మెడ ముందుకు వంగిపోతోంది. రెండు వేళ్ళతో నా గడ్డం మెల్లగా వెనక్కి నెట్టింది. “అబద్ధం చెప్పింది నేను. నిజం అడిగింది నువ్వు. నీకెందుకే తల వంచుకునేది?” అంది. ఏడుపు ఆగేదాకా నన్ను అక్కడే నిలబెట్టి, తను పక్కన కూర్చుని తమ్ముడి కాళ్ళకు నూనె పెట్టి తోమింది.

దీనికి మేము ఏమీ పోగొట్టుకోలేదని చెప్పను. మరుసటి ఏడు ఆ మేస్త్రి మా అవ్వను పనికి పిలవలేదు. ముసలిదైపోయిందని సాకు. అవ్వ నవ్వి, తమ్ముణ్ణి ఇంట్లో తనే చూసుకుంది. ముందు సాలు మా అమ్మకు వచ్చింది. సాలు చివర అమ్మ నిలబడితే వెనక పన్నెండు మందీ నిలబడేవాళ్ళు, గట్టు మీది నుంచి కేక రాలేదు.

పెళ్ళయ్యాక నేను బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషను ముందు ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. కుట్టాల్సిన గుడ్డల కట్టకు కట్టకూ మధ్య లేచి, నడుము మీద చేతులు వేసి వెనక్కి వాలి, తల అటూ ఇటూ తిప్పి కూర్చునేదాన్ని. ఏంది మొక్కా అని సూపర్‌వైజరు ఎగతాళి చేస్తే, కాదప్పా, నడుం అని చెప్పేదాన్ని. నాతో కుట్టినవాళ్ళలో చాలామందికి ఇప్పుడు మెడ తిరగదు. నాకు తిరుగుతుంది.

మొన్న పింఛను కాగితం కోసం ఒక ఆఫీసుకు పోయాను. అక్కడ గాజు అద్దానికి చేయి పట్టేంత కంత, అది కూడా నా నడుము ఎత్తులో. ముందున్న వాళ్ళంతా ఆ కంతలోకి వంగి బతిమాలుతున్నట్టు మాట్లాడి పోతున్నారు. నా వంతు వచ్చాక నేను నిటారుగా నిలబడి నా పేరు చెప్పాను. లోపలి అబ్బాయి కంప్యూటరులోంచి తల ఎత్తకుండానే, “స్వల్ప వంగి చెప్పమ్మా, వినపడల్లేదు” అన్నాడు. వాడి మెడ చూశాను. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, అప్పుడే గూని వస్తోంది.

“నేను వంగేది లేదప్పా. పొద్దున్నుంచి నువ్వు వంగే కూచున్నావు, లేచి నిలబడు. నీ నడుముకూ మంచిది” అన్నాను. వెనక వరసలో ఎవరో నవ్వారు. వాడు తల ఎత్తి నన్ను చూశాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. లేస్తూనే చేయి దానంతట అదే నడుము మీదికి పోయింది. కొంచెం వెనక్కి వాలాడు. “మళ్ళీ చెప్పండి అవ్వా” అన్నాడు, నా కళ్ళలోకి చూస్తూ. నేను మళ్ళీ చెప్పాను, నా పేరు, దాని వెనకే మా అవ్వ పేరు కూడా. ఆమె పేరు ఆ కాగితంలో ఎక్కడా అక్కరలేదు.