పిల్లుల పేరు మీద పగిలినవి

మా ఇంట్ల పిల్లులు లేకపోయుంటే మా ఆయన చూపు ఇంకొంచెం మిగిలేది. ఇట్లంటే ఇనేటోళ్లు నవ్వుతరు. పిల్లులకు, మొగని కండ్లకు ఏం సంబంధమే అని అడుగుతరు. నేను కూడ చానా రోజులు నవ్వుకుంట తిరిగిన దాన్నే. మా పిల్లులు చేసిన ఆగం గురించి వాడకట్టోళ్లకు కథలు కథలు చెప్పిన. అందుకే మొదటి నుంచి చెప్త.

అప్పుడు మేం సత్తుపల్లిల కిరాయికి ఉంటుంటిమి. మా ఆయన బొగ్గు ఓపెన్‌కాస్టు గనిల డంపర్ ఆపరేటర్. డంపరంటే మామూలు లారీ అనుకునేరు! దాని టైరు ముంగట నిలబడితే నేను కనపడ. నిచ్చెనెక్కి కూసోవాలె. ఆ సీటంటే ఆయనకు పాణం. ఎవరన్న తెలువక "లారీ డ్రైవరా అన్నా?" అంటే ముఖం మాడ్చుకునేటోడు. "ఆపరేటర్" అని దిద్ది చెప్పిందాక ఊకునేటోడు కాదు. ఆ సీట్ల కూసునేటోళ్లకు అప్పుడప్పుడు మెడికల్ చేస్తరు. కండ్లు, చెవులు, బీపీ అన్ని చూస్తరు. అండ్ల అన్‌ఫిట్ అని రాసిండ్రంటే బండి దిగాల్సిందే. ఆపరేటర్లందరికి ఆ ఒక్క మాటంటేనే వణుకు.

ఇగ నా పాణం బొమ్మల మీద. నేను పుట్టింది కారేపల్లి దిక్కు చిన్న పల్లెల. మట్టి గోడలు, గోడకొక గూడు, గూట్లె దీపం బుడ్డి, నూనె సీసా. అంతే. వండుకునేటందుకో, కట్టుకునేటందుకో కాకుంట ఊరికే చూసుకునేటందుకు ఒక్క వస్తువు ఇంట్ల ఉంటే ఎంత బాగుండు అనుకునేదాన్ని. పెండ్లయినంక ఆ కోరిక కసిదీర తీర్చుకున్న. భద్రాచలం పోయినప్పుడల్ల, ఖమ్మంల ఎగ్జిబిషన్ పెట్టినప్పుడల్ల ఏదో ఒకటి చీరె కొంగుల చుట్టి తెచ్చేదాన్ని. పింగాణీ హంసల జంట, గాజు నెమలి, ప్లాస్టర్ కృష్ణుడు, నెమలీకలు పెట్టిన పూలకుండి, తాకితే తలకాయ ఊపే బొమ్మ. టీవీ మీద అల్లిన గుడ్డ పరిచి కొన్ని, తలుపు పక్కన మూల స్టాండు మీద కొన్ని, గోడ షోకేసుల కొన్ని. షోకేసుకు ఒక అద్దం మేం రాకముందే పోయింది. ఏపిద్దాం ఏపిద్దాం అనుకుంటనే రోజులు గడిచినయ్.

మధ్యాహ్నం గనిల బ్లాస్టింగ్ అయితే మా ఇల్లు అదిరేది. బొమ్మలన్ని గజగజ వణికి అంచుకు జరిగేటివి. వాటిని మల్ల లోపలికి నెట్టుడు నా రోజు పని. ఒకటి రెండు అట్లనే పడి పగిలినయ్ కూడ. గనిని తిట్టుకొని ఊకున్న. అన్నం పెట్టే గనిని ఎంతసేపు తిడతం!

పిల్లులు మేం తెచ్చుకున్నవి కావు. వానకాలంల ఓ తల్లి పిల్లి మా కట్టెల మోపు కింద ఈనింది. కొన్నాళ్లకు తల్లి ఎటు పోయిందో పోయింది, రెండు కూనలు మిగిలినయ్. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. మా ఆయన డ్యూటీకెల్లి వచ్చి, తినేటప్పుడు ఇంత చేప ముక్క విసిరిండు. అంతే! ఇల్లు వాటి పేరు మీద రాసిచ్చినట్టు లోపలికొచ్చి కూసున్నయ్.

ఎర్రది ఉత్త దొంగముండ. నెమలీకలు కదిలితే దానికి ఆగదు. కింద నక్కి, వెనక కాళ్లు గుంజుకొని, ఒక్క దూకు దూకింది. ఈకలు, పూలకుండి, అల్లిన గుడ్డ అన్ని కలిసి కిందికొచ్చినయ్. నేను చీపురు పట్టుకొని ఉరికితే మంచం కిందికి పోయి అక్కడి నుంచి కండ్లు మెరిపిచ్చింది. నల్లది ఇంక గొప్పది. గోడ మీద బల్లిని చూసిందంటే దానికి లోకం కనపడదు. బల్లి కోసం షోకేసు ఎక్కి కృష్ణున్ని పడేసింది. పిల్లనగ్రోవి ఒక దిక్కు, చెయ్యి ఒక దిక్కు పడ్డయ్. నల్లది మాత్రం ఏమెరగనట్టు మూతి నాక్కుంట కూసుంది. నేను నోరు నొప్పి పుట్టేదాక తిట్టిన.

"పోనీయే, నోరు లేని జీవాలు" అన్నడు మా ఆయన.

"అవ్, నీకేంది. తెచ్చింది నేను, ఎత్తిపోసేది నేను" అన్న.

ఇవన్ని నా కండ్ల ముంగట జరిగినయ్. ఇవి పిల్లులు చేసినయే, అండ్ల అబద్ధం లేదు. తర్వాత పగిలినయి మాత్రం నేను వంటింట్ల ఉన్నప్పుడో, నల్లా నీళ్ల కాడ ఉన్నప్పుడో పగిలినయ్. చప్పుడు అయితది. నేను ఉరికొస్త. మా ఆయన నడింట్ల నిలబడి ఉంటడు, కింద ముక్కలుంటయ్. పిల్లి ఏ మూలనో ఒక మూలకు ఉండనే ఉంటది. ఇగ అడిగేదేముంది? నేను తిట్లు మొదలు పెట్టేదాన్ని. ఆయన గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు.

తల ఊపే బొమ్మ అట్లనే పోయింది. టీపాయ్ మీది గాజు గిన్నె అట్లనే పోయింది. గాజు నెమలి పగిలిన రోజు నేను ఏడ్చిన కూడ. అన్నిట్ల నాకు నచ్చింది అదే. పొద్దున ఎండ పడితే గోడ మీద రంగులు పడేటివి. మా ఆయన నా పక్కన కూసొని "ఇంకోటి కొనుక్కుందాం తియ్" అన్నడు. ఆ గొంతుల ఏదో ఉండె. నా నెమలి బాధల నేనుంటిని, పట్టించుకోలే.

పట్టించుకోవాల్సినయి ఇంక చానా ఉండె. స్కూటర్ తెచ్చి గేటుకు గుద్దిండు. గేటు సందు చిన్నగున్నది అన్నడు. పొద్దుమూకినంక బండి తీసుడు బందు పెట్టిండు. లైటు సరిగ లేదు అన్నడు. వాకిట్ల పెట్టిన నీళ్ల బకెట్ తన్ని పడేస్తే "తాగొచ్చినవా ఏంది?" అని పదిమందిల అడిగిన. పాపం, ఆయన చుక్క ముట్టడు. అయినా ఏమనలే, తల వంచుకొని లోపలికి పోయిండు. మెడికల్ అయి వచ్చిన రోజు మాత్రం హుషారుగ ఉండేటోడు. బోర్డు మీది అక్షరాలు కింది వరస దాక గడగడ చదివిన అని చెప్పేటోడు. చదివేటోనికి కండ్లకు రోగం ఉందని ఎవరనుకుంటరు?

ఆఖరికి నాకు హంసల భయం పట్టింది. మిగిలింది ఆ జంట ఒక్కటే. అది పెండ్లయిన కొత్తల మేమిద్దరం భద్రాచలం పోయినప్పుడు ఆయన చేత్తోని కొనిచ్చింది. ఈ పిల్లులు ఇంట్ల ఉంటే అది కూడ దక్కదు అనుకున్న. మా తమ్ముడు మా పుట్టింటి కాడ మక్కజొన్నలు నింపుకునే కొట్టుల ఎలుకలు చానా అయినయని, పిల్లుల్ని ఇయ్యమని అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసిండు.

"రా తమ్మీ, వచ్చి తీసుకపో. మీ బావకు చెప్పకు, వద్దంటడు" అన్న.

ఆయన పొద్దున డ్యూటీకి పోయినంక తమ్ముడు మోటర్‌సైకిల్ మీద వచ్చిండు. దారి గుర్తు పట్టి మల్ల రావద్దని రెండింటిని గోనె సంచిల వేసి మూతి కట్టినం. నల్లది అరిచింది. ఎర్రది లోపల నుంచే నా చెయ్యి గీరింది. "అక్కా, ఏడుస్తున్నవా ఏందే?" అన్నడు తమ్ముడు. "నాకెందుకు ఏడుపు, పీడ పోయింది" అన్న. బండి మలుపు తిరిగిందాక మాత్రం వాకిట్లనే నిలబడ్డ.

ఆ రోజు సాయంత్రం, ఇంక లైట్లు వెయ్యలే, మా ఆయన వచ్చిండు. నేను వెనక బట్టలు తీస్తున్న. లోపల ఫడేల్‌మని చప్పుడైంది. ఉరికొచ్చిన. మూల స్టాండు పక్కకు ఒరిగింది. హంసల మెడలు విరిగి బండల మీద పడ్డయ్.

"గా ఎర్రదే పడేసింది" అన్నడు మా ఆయన.

నేను కిటికీ దిక్కు చూసిన.

"ఇప్పుడే కిటికీలకెల్లి దూకింది. నేను చూసిన గదా, ఈ కండ్లతోని చూసిన" అన్నడు. నేను ఎప్పటిలెక్క తిట్లు మొదలు పెడతనని ఎదురు చూస్తున్నడు. ఆయన మోచెయ్యి గీసుకపోయి నెత్తురు వస్తున్నది. అది చూసుకున్నట్టు కూడ లేదు.

పొద్దుగాల సంచిల కట్టి పంపిన పిల్లి, కారేపల్లి దిక్కు ఉన్న పిల్లి, మా కిటికీలకెల్లి ఎట్ల దూకుతది? అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చినయ్. పిల్లులు పడేసినయన్ని పైన, టీవీ మీద, షోకేసుల ఉన్నయి. తర్వాత పగిలినయన్ని మనిషి మోచెయ్యో మోకాలో తగిలే ఎత్తుల ఉన్నయి, నడిచే దారికి పక్కన ఉన్నయి. ఇన్నాళ్లు అవి ఎత్తిపోసిన దాన్ని నేనే, అయినా ఆ ముక్క నాకు తట్టలే.

"పిల్లులు ఇంట్ల లేవయ్యా. పొద్దున తమ్ముడు తీసుకపోయిండు" అన్న.

ఆయన కుర్చీ కోసం చెయ్యి చాపిండు. కుర్చీ ఆయన పక్కనే ఉంది. చెయ్యి గాలిల తిరిగింది. నేనే పట్టుకొని కూసోబెట్టిన. "నేరుగ చూస్తే సూది కూడ కనపడ్తది. పక్కకే చీకటి" అన్నడు.

"గట్లైతే ఇన్ని రోజులు ఆ బండి ఎట్ల నడిపినవయ్యా?" అని ఒర్రిన.

"తలకాయ తిప్పుకుంట నడిపిన. పక్కకు ఎవడన్న వచ్చిండేమో అని పాణం అరచేతుల పెట్టుకొని నడిపిన" అన్నడు. ఆ మాటకు ఇద్దరం ఏడ్చినం. ముక్కలు ఆ రాత్రి ఎవరం ఎత్తలే.

మల్ల ఆయన బండెక్కలే. నేను ఎక్కనియ్యలే అనుడు అబద్ధం, ఆయనే పోయి సార్లకు చెప్పుకున్నడు. ఖమ్మంల కండ్ల దవాఖానకు పోయినం. నీటికాసులు అన్నడు డాక్టరు. కంట్ల ఒత్తిడి పెరిగి లోపలి నరం కొంచెం కొంచెం ఎండిపోతదట. పక్క చూపు ముందు పోతది, నడిమి చూపు చివరిదాక ఉంటది, అందుకే అక్షరాలు చదివిండు అన్నడు. పోయింది మల్ల రాదు, ఉన్నది కాపాడుకునేటందుకు చుక్కల మందు రాస్త అన్నడు.

"ఇంట్ల వస్తువులకు ఎప్పటి నుంచి తగుల్తున్నడమ్మా?" అని నన్ను అడిగిండు.

ఏమని చెప్పాలె? ఏది పిల్లి పడేసిందో, ఏది ఆయన చెయ్యి తగిలి పడ్డదో ఎవరికెరుక? "మా ఇంట్ల పిల్లులుండె సార్" అన్న. డాక్టరు అర్థం కానట్టు చూసిండు. ముందే వస్తే బాగుండు అన్నడు. ఆ మాట ఇప్పటికి నా చెవుల ఉంది.

బయటికొచ్చి తమ్మునికి ఫోన్ చేసిన, పిల్లుల్ని తెచ్చియ్యి అని. నల్లది కొట్టుల హాయిగ ఉందక్కా, ఎర్రది మొదటి రాత్రే ఎటో పోయింది అన్నడు. చెయ్యని నేరానికి దాన్ని వెళ్లగొట్టినం.

బస్సుల ఆయన కిటికీ పక్కన, నేను ఆయన పక్కన. కల్లూరు దాటినంక నేనే అడిగిన.

"నాకన్న చెప్పొద్దా అయ్యా?"

"చెప్తే నువ్వు ఆగుతవా? దవాఖానకు గుంజుకపోతవ్. అన్‌ఫిట్ అంటరు. పిల్లి అంటే ఒక పూట తిట్టి ఊకుంటవ్" అన్నడు. ముంగట సీటు దిక్కే చూసుకుంట, "ఏ తిట్టైన పడేటోన్ని గాని, గా ఒక్కటి అన్నప్పుడు మాత్రం పాణం గిలగిల కొట్టుకునేది" అన్నడు.

ఏ తిట్టో నేను అడగలే. నాకు తెలుసు. మా దిక్కు ఆడోళ్లకు కోపమొస్తే నోట్లకెల్లి అదే ముందు వస్తది. కోడి గింజలు తిన్నా అదే, పిల్ల పాలు ఒలకబోసినా అదే. దానికి అర్థముందని ఎవరం అనుకోం. బొమ్మ పగిలినప్పుడల్ల ఆ ముక్కల మీద నిలబడి, పిల్లి దిక్కు చెయ్యి చూపి, నేను అన్నది అదే. నీ కండ్లు పోను, అని. ఆయన గోడ దిక్కు తిరిగి విన్నది అదే.

నాకు దుఃఖం ఆగలే. నలుగురుల చప్పుడు చేస్తే బాగుండదని కొంగు నోట్ల కుక్కుకున్న. ఆయన భుజం నా భుజానికి తగులుతనే ఉంది. అయినా నా చప్పుడు లేదని ఆయనకు అనుమానం వచ్చినట్టుంది. మెడ మొత్తం నా దిక్కు తిప్పి, ముఖం నాకు ఎదురుగ వచ్చిందాక తిప్పి, చూసిండు.

"ఏందే, దిగిపోయినవా ఏంది?" అన్నడు నవ్వుకుంట.

"లేదయ్యా. నీ పక్కనే ఉన్న" అన్న.