రాలేదని చెప్పిన వ్యాసం

తొమ్మిదేళ్లుగా పదహారు పేజీల బరువు మోస్తున్నాను. నవ్వకండి. నా భార్యకు కూడా తెలియదు. బీరువాలో నా సర్టిఫికెట్ల కింద ఒక పాత కవరుంది. ఇల్లు సర్దుతూ ఆమె చెయ్యి అటు పోతే చాలు, ఏదో ఒక పని చెప్పి పక్కకు పిలుస్తాను. మరి మీకెందుకు చెబుతున్నాను? నేనెవరో మీకు తెలియదు కనుక. అయినా మిమ్మల్ని పూర్తిగా నమ్మి చెబుతున్నాననుకోకండి. ఎవర్నీ నమ్మకపోవడం నా జబ్బు. ఆ జబ్బే నాచేత ఈ పాడుపని చేయించింది.

నాది చొప్పదండి. అప్పుడు ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తూ, ఖర్చులకని లైబ్రరీ కంప్యూటర్ల గదిలో పార్ట్‌టైంగా పనిచేసేవాణ్ని. విశ్వవిద్యాలయం పేరు అనవసరం. తప్పు దానిది కాదు.

అక్కడి పని ఎట్లా ఉండేదో చెబితేగానీ నేను చేసింది మీకు అర్థం కాదు. పరిశోధన చేసేవాళ్లు వచ్చి తమకు కావలసిన వ్యాసాలు వెతుక్కుంటారు. ఒక మాట కొడితే వేలల్లో వస్తాయి. రెండు మూడు మాటలు కలిపి కొడితే పదికి తగ్గుతాయి. ఆ పదిలో పనికొచ్చేది ఒక్కటుంటే, అది మా లైబ్రరీ చందా కట్టని జర్నల్లో ఉంటుంది. సారాంశం కనిపిస్తుంది, అసలు వ్యాసం తెరుచుకోదు. అప్పుడు స్లిప్పు రాసిస్తారు. నేను పెద్ద లైబ్రరీలకు మెయిల్ పెడతాను. వారం పది రోజుల్లో ఎవరో ఒకరు పీడీఎఫ్ పంపుతారు, ప్రింటు తీసి పిలిచి ఇస్తాను. రాకపోతే స్లిప్పు అడుగున ‘కారణం’ అనే గడి ఉంటుంది. అందులో రెండు ముక్కలు రాసి ఫైల్లో పెడతాను. ఆ గడిలో నేనేం రాస్తే అదే నిజం. మళ్లీ చూసే నాథుడు లేడు.

నా అంశం కాగజ్‌నగర్ మిల్లు. అది మూతపడి ఉన్న కాలంలో కార్మికుల కుటుంబాలు ఎట్లా బతికాయన్నది. నాకు ఆ ఊరు తెలియదు, గైడు ఇచ్చాడు కనుక పట్టుకున్నాను. పద్మది ఆ ఊరే. పద్మ అసలు పేరు కాదు, అనుకుందాం. నాకంటే రెండేళ్లు చిన్న, అదే శాఖలో చేరింది. ఆమె అంశం బీడీలు చుట్టే ఆడవాళ్లు. మిల్లుతో ఆమెకు పనిలేదు. పనిలేదనే అనుకున్నాను, ఆమె స్లిప్పు చేతికి వచ్చేదాకా.

స్లిప్పు మీద వ్యాసం పేరు చూసి ఒళ్లు మండింది. మిల్లు మూతపడిన తొలి రోజుల్లో కార్మికులతో మాట్లాడి రాసిన వ్యాసం. నేను రెండేళ్లుగా వెతుకుతున్నా నా కంటపడని వ్యాసం! ఈమెకెట్లా దొరికింది? ఆమె లేచి వెళ్లాక ఆ కంప్యూటర్లో ఏమేం వెతికిందో చూశాను. సిగ్గుపడాల్సిన పనే, అప్పుడు సిగ్గనిపించలేదు. నేను ఇన్నాళ్లూ పారిశ్రామిక పతనం, జీవనోపాధి, శ్రామిక వర్గం అంటూ పెద్ద పెద్ద మాటలు కొడుతూ కూర్చున్నాను. ఆమె ఇంగ్లీషులో మూడే మాటలు కొట్టింది. మిల్లు, గేటు, సైరన్. ఒక్కసారికే దొరికింది.

ఆ ఊళ్లో పుట్టిన పిల్లకు సైరన్ అనే మాటే ముందు తడుతుందని నాకు తట్టలేదు. ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. ఎవరు? నా గైడే. రెండు రోజుల ముందు వరండాలో ఆయన ఆమెతో నవ్వుతూ మాట్లాడటం చూశాను. నన్ను చూసి మాట మార్చినట్టనిపించింది. నిజంగా మార్చాడా? ఇప్పటికీ తెలియదు. నా అంశం ఆమె చేతిలో పెట్టి నన్ను ఇంటికి పంపుతారని మాత్రం మనసులో ఖాయం చేసుకున్నాను.

ఎనిమిదో రోజు వ్యాసం వచ్చింది. పదహారు పేజీలు. ప్రింటు తీశాను. మెయిల్ చెరిపేశాను. చెత్తబుట్టలోంచి కూడా చెరిపేశాను. ‘కారణం’ గడిలో నీట్‌గా రాశాను: ఏ గ్రంథాలయంలోనూ లభ్యం కాలేదు.

మర్నాడు పద్మ వచ్చింది. అప్పుడు మేం మాట్లాడుకున్న మాటలు మరిచిపోదామన్నా పోవు.

“అన్నా, నా వ్యాసం అచ్చిందా?”

“రాలే. యాడా దొరుకుతలేదట.”

“జర మల్లొక్కసారి అడుగున్రి అన్నా. అండ్ల మా బాపు మాటలున్నయ్. అప్పట్ల ఎవరో సారు అచ్చి, రెండు దినాలు మా బాపుతోని మాట్లాడి రాసుకపోయిండు.”

“అసలు పేర్లు రాయరు గద. మీ బాపు మాటలే అని నీకెట్ల ఎరుక?”

“సదివితే ఎర్కైతది అన్నా. మా బాపు మాట నాకు తెల్వదా? గిప్పుడాయినకు పక్షవాతం అచ్చి నోరు పడిపోయింది. ఇంటడు గని మాట్లాడలేడు. ఆయిన మాటలు ఆయినకే సదివి ఇనిపిద్దామని...”

మేజా సొరుగులో, ఆమెకు జానెడు దూరంలో ఉంది వ్యాసం. నాకు కలిగిందల్లా అనుమానం. ఎంత బాగా కథ అల్లుతోంది, ఎవరు నేర్పారీమెకు అనుకున్నాను. “మల్ల అడుగుత తియ్” అన్నాను. ఆమె మూడు నెలలు, వారం వారం వచ్చి అడిగింది. అడిగిన ప్రతిసారీ నా అనుమానం ఇంకాస్త గట్టిపడింది. ఉత్తి తండ్రి కోసమైతే ఇంతగా వెంటపడుతుందా అని!

ఇక ఇంకో సంగతి. ఇది మా పరిశోధకులకు తప్ప ఎవరికీ చేతకాని పని. అంత కష్టపడి దాచిన వ్యాసాన్ని నేను చదవలేదు. సారాంశం చదివాను, ముగింపు చదివాను, థీసిస్‌లో రెండు చోట్ల వాడుకుని చివర ఉపయుక్త గ్రంథాల జాబితాలో ఎక్కించాను. మాలో చాలామంది చేసేది ఇంతే. మధ్యలో మనుషులు మాట్లాడిన పేజీలు ఎవడు చదువుతాడు?

ఆ మధ్య పేజీలే వైవాలో నా మెడకు చుట్టుకున్నాయి. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఆ జాబితా చూస్తూ ఆ వ్యాసం దగ్గర ఆగాడు. మంచి వ్యాసం సంపాదించావయ్యా అన్నాడు. అందులో సైకిల్ కార్మికుడి గురించి నువ్వేమనుకుంటున్నావని అడిగాడు. సైకిల్ అక్కడ ఒక ప్రతీక సార్ అన్నాను. ఆయన కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి పేజీ తిప్పాడు. పాసయ్యాను. అందరికీ మిఠాయి పంచి, మధ్యాహ్నం లైబ్రరీలో ఒక మూల కూర్చుని మొదటిసారి ఆ పదహారు పేజీలూ చదివాను.

తొమ్మిదో పేజీలో ఉన్నాడాయన. పేరు మార్చారు. మిల్లు మూతపడ్డాక కూడా రోజూ పొద్దున సైకిల్ తుడుచుకుని గేటు దాకా పోయి, తాళం చూసి తిరిగొచ్చేవాడట. ఆయన మాటల్ని ఆయన యాసలోనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, కింద అర్థం రాశారు. అన్నిటికంటే చివరి మాట ఇది: “మంచిగ రాసుకో సారూ. మా బిడ్డ సదువుకుంటాంది. అచ్చయినంక ఆమెనే సదివి నాకు ఇనిపిస్తది.”

పద్మ కథ అల్లలేదు.

అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. ఇది గుర్తుంచుకోండి, నామీద జాలి పుడితే పనికొస్తుంది. ఆ సాయంత్రమే కాగజ్‌నగర్ రైలెక్కి ఉంటే ఆయన వినేవాడు. ఎక్కలేదు. ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టావని అడిగితే? నేను సంపాదించానని చెప్పుకున్న వ్యాసం ఆమె స్లిప్పు మీద వచ్చిందని బయటపడితే? పట్టా చేతికి రానీ, అప్పుడు చెబుదాం అనుకున్నాను. మొదటిసారి దాచినప్పుడు కనీసం తెలియక దాచాను. ఈసారి అన్నీ తెలిసి దాచాను.

పట్టా రాకముందే ఆయన పోయాడు.

దినాలకు శాఖ నుంచి నలుగురం వెళ్లాం. వ్యాసం నా సంచిలోనే ఉంది. ఎందుకు తీసుకుపోయానో అడగకండి, ఇద్దామనే అనుకుని ఉంటాను. గోడకు ఆనించిన సైకిల్ కనిపించింది, శుభ్రంగా తుడిచి ఉంది. భోజనాల దగ్గర పద్మే స్వయంగా వచ్చి నా విస్తట్లో అన్నం పెట్టింది. “నా కోసం గన్ని లైబ్రరీలు అడిగినవ్ అన్నా. దొరక్కపాయె, నువ్వేం జేస్తవ్” అంది. కళ్లు దించుకుని ఆ అన్నం తిన్నాను. మొత్తం తిన్నాను.

అనుమానం నన్ను ఆ పూట కూడా వదల్లేదు. తెలిసే అంటోందా? తెలిసి, నా మొహం మీదే ఇట్లా కొడుతోందా? అప్పట్నుంచీ ఆ మాటను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు తెలుస్తోంది, ఆమె మంచి మనసుతోనే అంది. అట్లా ఒప్పుకుంటే నేనెంత నీచుణ్నో తేలిపోతుంది గనుక, ఇన్నేళ్లూ ఆమెనే అనుమానించాను.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. లైబ్రరీలో వ్యాసాలు ఎట్లా వెతకాలో పిల్లలకు నేర్పేది నేనే. మొన్న ఒకమ్మాయి లేచి, సారాంశం చదివితే సరిపోతుందా సార్ అని అడిగింది. పిల్లలంతా నా మొహం వైపే చూస్తుంటే, పీరియడ్ కాకముందే బయటికి వచ్చేశాను.

ఈరోజు ఆ పాత కవరు బీరువాలోంచి తీశాను. పదహారు పేజీలు, వాటితోపాటు ఉద్యోగం మానేసే రోజు ఫైల్లోంచి లాక్కొచ్చిన ఆమె స్లిప్పు. పద్మ ఆసిఫాబాద్‌లో పనిచేస్తోందని తెలుసు, చిరునామా కూడా తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు. క్షమాపణ ఉత్తరం రాద్దామని కూర్చుని మూడు కాగితాలు చించేశాను. రాసిన ప్రతి వాక్యంలో నన్ను నేను వెనకేసుకొస్తున్నాను. చివరికి స్లిప్పు తీసుకుని, ‘కారణం’ గడిలో నా పాత రాతను కొట్టేసి, కింద రాశాను: వచ్చింది. ఎనిమిదో రోజే వచ్చింది. నేనే దాచాను.

సంతకం పెట్టాను. దాన్ని తొమ్మిదో పేజీకి పిన్ను గుచ్చి కవరు అంటించాను. రేపు పొద్దున రిజిస్టర్ పోస్టు చేస్తాను. ఆమె క్షమించదు, క్షమించకూడదు. బిడ్డ చదివి వినిపిస్తుందని ఎదురుచూసిన మనిషి వినకుండానే పోయాడు. అది నేనిప్పుడు ఏం రాసినా మారదు. ఆ గడిలో మాత్రం ఇప్పుడు నిజం ఉంది.